జెండాల నుంచి గోడకి

పర్నులో నది గడ్డకట్టిన శనివారం.
ఈతకొలను అద్దాల అవతల మంచు,
ఇవతల ఆవిరి, క్లోరిన్ వాసన, తడి చెప్పుల చప్పుడు.
నాలుగో వరుసకి గడియారం పట్టింది నేను.
ముప్పై ఏళ్లు చేపల డబ్బాల ఫ్యాక్టరీలో లెక్కలు రాసిన చెయ్యి,
సెకనులో వందో వంతు దగ్గర కూడా మొహమాటపడదు.

సల్మె వచ్చింది.
రెండు చేతులా కమ్మీ పట్టుకుని
మెట్టుకో తిట్టు తిడుతూ నీళ్లలోకి దిగింది.
ఈ జనవరితో ఆమెకి తొంభై ఐదు లెక్క.
పుట్టింది అక్టోబరులోనే అయినా
పోటీల పుస్తకం ఏడాదిని చూస్తుంది, నెలని చూడదు.
ఎంత సంబరమో!
"పోయినేడు తొంభైల గుంపులో నేనే ముసలిదాన్ని.
ఆ హిల్యా, ఆ లెయిదా, నిన్నగాక మొన్న తొంభై నిండిన పిల్లలు,
నన్ను ఏడిపించుకు తిన్నారు.
ఇప్పుడు పై గుంపుకెక్కాను.
ఇక్కడ నేనే పడుచుని."

పై గుంపులో ఇంకొకర్తే ఉంది.
ఐదో వరుసలో హెల్వి, తార్తు మనిషి, తొంభై ఎనిమిది.
ఒకరినొకరు పలకరించుకోలేదు.

కాటికి కాళ్లు చాపుకున్న వయసంటారు.
సల్మె ముందు కాళ్లు ముడుచుకుంది,
కూత మోగగానే చాపింది
గోడని తన్నడానికి.

వెల్లకిల ఈత, నూరు మీటర్లు, నాలుగు పొడవులు.
వెల్లకిల ఈదేవాళ్లకి కనబడేది కప్పు,
కప్పుకి దీపాలు, వాటిలో ఆరి వెలుగుతున్నదొకటి.
గోడ కనబడదు.
అందుకని గోడకి ఐదు మీటర్ల ఇవతల
తాడుకి చిన్న జెండాలు కడతారు.
జెండా దాటాక బారలు లెక్కపెట్టుకోవాలి.
అరవయ్యో ఏట ఆమెకి ఆరు,
ఎనభైకి ఎనిమిది,
ఇప్పుడు తొమ్మిది.

మూడు పొడవులూ తొమ్మిదే. తొమ్మిది, గోడ. తొమ్మిది, గోడ.
నాలుగోసారి తొమ్మిదయింది,
చేతికి నీళ్లే తగిలాయి.
పది.
నీళ్లే.
అప్పుడు తిరిగింది.
నిండా ఒక్క క్షణం కూడా కాదు,
గోడ ఎటుపోయిందో చూసుకుని
చేత్తో అందుకుంది.

పసికందు బోర్లా పడితే ఇంటిల్లిపాదికీ పండగ.
ఈమె బోర్లా పడితే తప్పు:
వీపు మీద బయల్దేరిన మనిషి వీపు మీదే చేరాలి.

గోడ దగ్గర తప్పులు చూసే కుర్రాడు తానెల్,
ఇరవై రెండేళ్లవాడు,
తన బూటు తాడు వైపు చూస్తున్నాడు.
చెయ్యెత్తాలి. ఎత్తలేదు.
హెల్వి ఇంకా జెండాల కిందే ఉంది.
జనం లేచి నిలబడి చప్పట్లు.

సల్మె ఊపిరి కూడదీసుకుంది.
"అబ్బాయ్, చెయ్యెత్తు."
"నేనేం చూడలేదు, అవ్వా."
"నేను చూశాను. గోడని చూశాను.
చూశానంటే తిరిగినట్టే కదరా.
నా మొహం చూసి రూలు వంచితే
నేను చేసింది పోటీ ఎట్లా అవుతుంది?
స్నానం అవుతుంది."

చెవులు కందిపోయి,
బరువేదో లేపుతున్నట్టు
తానెల్ చెయ్యెత్తాడు.

అప్పుడే గోడ అందుకున్న హెల్వి
కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి మొదటిసారి మాట్లాడింది:
"నువ్వు చెప్పకపోతే నేను చెప్పేదాన్ని."
"ఈదుతూ నన్ను చూస్తున్నావా?
అందుకే వెనకబడ్డావు."

నా చేతిలో అంకె ఇంకా వెలుగుతోంది,
ఐదు నిమిషాల పన్నెండు సెకన్లు.
దాచుకుందామనుకున్నాను, ఎందుకో మరి.
"నొక్కు" అంది నన్ను చూడకుండానే.
నొక్కాను. సున్నా.

బల్ల మీద కూర్చుని ఉన్ని మేజోడు తొడుక్కోవడానికి
రేసుకన్నా ఎక్కువసేపు పట్టింది.
సాయం పట్టబోతే మోకాలు పక్కకి తిప్పేసింది.
"గోడ వెనక్కి జరిగిందనుకున్నాను, వెధవ గోడ.
కాదు. చెయ్యి పొట్టిదయింది."
పెదాలు కదుపుతూ కాసేపు గాల్లో ఏదో కొలిచింది.
రెండో మేజోడు ఇంకా ఒళ్లోనే ఉంది.
"పన్నెండు" అంది చివరికి.
"మార్చి పోటీకి పన్నెండు.
తర్వాత మళ్లీ కొలుచుకోవాలి."